బిగ్ బెండ్ తీరానికి కారులో వెళ్లే ముందు జాగ్రత్తలు

2023 ఆగస్టు, 2024 సెప్టెంబరు మధ్య ఫ్లోరిడా బిగ్ బెండ్ తీరాన్ని ఇడాలియా, డెబ్బీ, హెలీన్ అనే మూడు హరికేన్లు కొట్టాయి. కీటన్ బీచ్, స్టైన్‌హాచీ, సీడార్ కీ లాంటి చిన్న ఊళ్లు బాగా దెబ్బతిన్నాయి. టాంపా నుంచో అట్లాంటా నుంచో అటు వెళ్లే మనవాళ్లు ఇవి చూసుకోండి.

– అన్నిటికంటే ముందు టైర్లు. స్టెప్నీలో గాలి, జాకీ, పంక్చర్ కిట్ సరిచూసుకోండి. కూలిన ఇళ్ల చెక్కల నుంచి ఊడిన తుప్పు మేకులు రోడ్డు అంచుల్లో పడి ఉండొచ్చు. శిథిలాల కుప్పల పక్కన బండి ఆపొద్దు, పిల్లల్ని చెప్పుల్లేకుండా దింపొద్దు.

– సీడార్ కీకి స్టేట్ రోడ్ 24 ఒక్కటే దారి. బయల్దేరే ముందు ఎఫ్ఎల్511 (ఫ్లోరిడా రోడ్ల పరిస్థితి చెప్పే సైటు) చూడండి.

– పెట్రోలు సగానికి తగ్గనివ్వొద్దు. చేతిలో క్యాష్, ఫోన్లో ఆఫ్‌లైన్ మ్యాపు.

– ఒంటిమీద చిన్న గాయమున్నా నిలిచిన ఉప్పునీళ్లలో దిగకండి. విబ్రియో బ్యాక్టీరియా ప్రాణం మీదికి తెస్తుంది.

– గది ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

– పడిపోయిన ఇంటి ముందు సెల్ఫీలు దయచేసి వద్దు. అది ఒకరి ఇల్లు. తెరిచి ఉన్న చిన్న హోటల్లో కూర్చుని తినండి, వాళ్లకు కావాల్సింది ఆ బేరమే.