తాతల నాటి ఇటాలియన్ అంజూర ఏ రకమో తేల్చుకోవాలంటే

న్యూయార్క్, న్యూజెర్సీల్లో పాత ఇటాలియన్ కుటుంబాల పెరళ్లలో పేరు తెలియని అంజూర చెట్లు చాలా ఉన్నాయి. రకం తేల్చడానికి ఆకును మాత్రమే నమ్మకండి. ఒకే చెట్టుకు మూడు చీలికల ఆకూ, ఐదు చీలికల ఆకూ వస్తాయి; మొజాయిక్ వైరస్ ఉంటే ఆకారం ఇంకా వంకర పోతుంది.

పండే అసలు గుర్తు. మెడ (కాడ దగ్గరి సన్నని భాగం) వాలి, మెత్తబడ్డాకే కోయండి. తొందరపడితే గుజ్జు రంగు పాలిపోయి తప్పుదారి పట్టిస్తుంది. నిలువునా చీల్చి, పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుగులో ఫొటో తీయండి. తొక్క, గుజ్జు రంగులు, మెడ పొడవు, అడుగునున్న కన్ను (చిన్న రంధ్రం) మూసి ఉందా తెరిచి ఉందా అన్నవి రాసుకోండి. పాత కొమ్మ మీది తొలి కాపు (బ్రెబా), కొత్త కొమ్మ మీది ప్రధాన కాపు ఆకారంలో వేరుగా ఉండొచ్చు, కలపకండి.

ముదురు ఊదా తొక్క, ఎర్ర గుజ్జు, చలికి నేల దాకా ఎండినా అదే ఏడు కొత్త కొమ్మలకు కాపు: ఇది చాలావరకు హార్డీ షికాగో అనే రకం ఉన్న 'మౌంట్ ఎట్నా' గుంపు. పసుపుపచ్చ తొక్క, తేనెరంగు గుజ్జయితే ముందు 'దొత్తాతో' అనే ఇటాలియన్ రకంతో, అంటే అమెరికావాళ్లు కడోటా అనేదానితో పోల్చండి.

రూఢి కావాలంటే అనుమానించిన రకం కొమ్మనూ, మీ కొమ్మనూ ఒకే సైజు కుండీల్లో, ఒకే మట్టిలో రెండు మూడేళ్లు పక్కపక్కన పెంచండి. అప్పటిదాకా చీటీ మీద పేరున్న రకం రాయొద్దు. 'తెలియని ఊదా', చెట్టున్న ఊరు చాలు.