కరెంటు ఛార్జీల బహిరంగ విచారణకు వెళ్లే ముందు

విజయవాడలోనైనా గుంటూరులోనైనా కరెంటు బిల్లు చూసి విసుక్కోని ఇల్లు ఉండదు గానీ, ఆ ధరలను ఖరారు చేసే ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి ఎదుట తామూ మాట్లాడవచ్చునని తెలిసినవారు తక్కువ. 2003 నాటి విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించిన తరువాతే మండలి ధరల ఉత్తర్వు ఇవ్వాలి. విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) దరఖాస్తు అందిన నాటి నుంచి అందుకు 120 రోజుల గడువు ఉంటుంది.

ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ధరలకు డిస్కంలు సాధారణంగా అంతకు ముందు నవంబరు నెలాఖరుకు ఈ దరఖాస్తులను, అంటే తమ వ్యయాలు, ధరల ప్రతిపాదనలు ఉన్న నివేదికలను, సమర్పిస్తాయి. ఆపైన దినపత్రికల్లో వచ్చే బహిరంగ ప్రకటనను దాచుకోవాలి. అభ్యంతరాలకు చివరి తేదీ, విచారణ జరిగే చోటు అందులోనే ఉంటాయి. మండలి కార్యాలయం కర్నూలులో ఉన్నా, విజయవాడలోనూ విచారణలు జరిగిన సందర్భాలున్నాయి.

అసలు పని కాగితం మీదే జరుగుతుంది. అభ్యంతర పత్రంలో పేరు, చిరునామా, సర్వీసు నంబరు రాసి, స్వయంగా మాట్లాడదలచుకుంటే ఆ సంగతీ స్పష్టం చేసి, ఒక ప్రతిని మన ప్రాంతపు డిస్కం అయిన ఏపీసీపీడీసీఎల్‌కు, మరొకటి మండలి కార్యదర్శికి గడువులోగా చేర్చి రసీదు తీసుకోవాలి. ఛార్జీలు భారమయ్యాయని రాస్తే సానుభూతి దొరకవచ్చు, అంతకు మించి ఏమీ దొరకదు. విద్యుత్ కొనుగోలు వ్యయం, సరఫరా నష్టాలు, గత ఏడాది అంచనాకూ వాస్తవానికీ మధ్య తేడా, ఈ మూడింటిలో ఒక్క అంకెనైనా పట్టుకుని ప్రశ్నించాలి. ఆటోనగర్‌లో లేతు మిషను నడిపేవారు, గుంటూరులో మిర్చి శీతల గిడ్డంగి యజమానులు తమ కేటగిరీ ధరను, వాడిన యూనిట్లను బట్టి కాక లోడును బట్టి పడే డిమాండ్ ఛార్జీని విడిగా ప్రస్తావించడం మేలు. సొంత మీటరు తప్పు తిరుగుతోందన్న ఫిర్యాదును మాత్రం ఇక్కడికి తేకూడదు. దానికి వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక వేరే ఉంది.

విచారణ నాడు మాట్లాడేవారు చాలామంది ఉంటారు కనుక, రాసిచ్చినదంతా చదవకుండా, మన అభ్యంతరానికి డిస్కం ఇచ్చిన జవాబులో దాటవేసిన అంశాన్నే ఎత్తి చూపాలి. ఉత్తర్వు వెలువడ్డాక అభ్యంతరం, డిస్కం సమాధానం, మండలి అభిప్రాయం వరుసగా ఉన్న అధ్యాయంలో మన అంశాన్ని వెతకాలి. ఆ నిర్ణయం సమ్మతం కాకపోతే 45 రోజుల్లోగా ఢిల్లీలోని విద్యుత్ అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.