డ్రైవర్ మనమే రాద్దాం – 3వ పాఠం: కాటా మాట పట్టడం

పోయిన పాఠంలో కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో విండోస్ పెట్టి, కాటాతో వచ్చిన ప్రోగ్రాం అందులో నడిపాం. బయట లినక్స్‌లో యూఎస్‌బీమాన్, వైర్‌షార్క్‌లతో యూఎస్‌బీ వైరు మీద పోయే ప్యాకెట్లు, అంటే బైట్ల మూటలు, పట్టాం. ఈరోజు వాటిని చదువుదాం.

కొత్తగా చేరినవాళ్లకు ఒక ముక్క. డ్రైవర్ అంటే కంప్యూటర్‌ను ఒక పరికరంతో మాట్లాడించే ప్రోగ్రాం. కాటా అనంతపురంలో మా మామ విత్తనాల అంగడిది, 10 కిలోలది. ప్రోగ్రాం విండోస్‌కే పనిచేస్తుంది, అంగట్లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్. ఏ బైటుకు ఏ అర్థమో చెప్పే కాగితం కంపెనీని అడిగితే "అది బయటికివ్వం సార్" అన్నారు. సరే, మనమే వింటాం. లినక్స్, విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునేందుకు వాడే సాంబాను 1991-92లో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిందీ వైరు మీద పోయే ప్యాకెట్లు చూసే. ఫ్రెంచి రానివాడు ఫ్రెంచి హోటల్లో కూర్చుని, ఎవరేం అడిగితే ఏం తెచ్చిపెడుతున్నారో గమనించినట్టు అని ఆయనే పోల్చాడు. మనకు ఫ్రాన్సు దాకా ఎందుకు, బళ్లారి బస్టాండులో టీ అంగడి చాలు.

కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో ప్యాకెట్టులో ఆరు బైట్లు:

02 01 00 00 01 03

అరకేజీ గుండు పెట్టండి:

02 01 ఎఫ్4 01 ఎఫ్6 03

కేజీ గుండు:

02 01 ఇ8 03 ఇసి 03

మొదటి 02, చివరి 03 కదలడం లేదు. అవి వాకిలి, పెరటి తలుపు. మారుతున్నది నడిమిది. ఈ బైట్లు పదహార్ల లెక్కలో రాసినవి: 9 తర్వాత ఎ అంటే 10, అట్లా ఎఫ్ అంటే 15. అందుకే ఎఫ్4 అంటే 15 పదహార్లు, ఒక 4, మొత్తం 244. ఒక బైటులో 255 దాకానే పడుతుంది కాబట్టి దాని పక్కన 01, అంటే ఒక 256. కలిపితే 500. ఇ8 అంటే 232, పక్కన మూడు 256లు, మొత్తం 1000. చిన్న బైటు ముందు, పెద్దది వెనక. రెండో బైటు మామూలుగా 01. పళ్లేన్ని వేలితో ఊపితే 00 అవుతుంది, తూకం నిలబడలేదని.

ఐదోదాంతో రెండు రాత్రులు పోయినాయి. చివరికి చూస్తే రెండు, మూడు, నాలుగో బైట్ల ఉత్త కూడిక: 1+244+1=246, అదే ఎఫ్6. కూడిక 255 దాటితే ఏమవుతుంది? గుండ్లతో తేలదు. శెనగవిత్తనాలు ఒక్కొక్కటే వేస్తూ పోయినా, డిస్‌ప్లే మీద 255 పడేదాకా. ఐదో బైటు 00 అయింది. 256 తీసేసి మిగిలిందే రాస్తుందన్నమాట. గుండ్లను నమ్ముకోవద్దండీ, గింజలు పోయండి. మామ మాత్రం "ఇత్తనాలు లెక్కబెట్టేకి వచ్చినావారా?" అన్నాడు.

తర్వాత నా తప్పు. 120 గ్రాముల గిన్నె పెట్టి టేర్ (గిన్నె బరువును సున్నా చేసే మీట) నొక్కి, గిన్నె తీసేసినా. ఖాళీ కాటా మీద నా ప్రోగ్రాం 65,416 గ్రాములు చూపించింది! వచ్చింది 88 ఎఫ్ఎఫ్. అది మైనస్ 120. రెండు బైట్లనూ ప్లస్, మైనస్ గుర్తు ఉండే సంఖ్యగా చదవాలి: 32,767 దాటితే 65,536 తీసేయండి.

ఒక కట్టుబాటు: కంపెనీ ప్రోగ్రామును విప్పి కోడు చూడొద్దు. వైరు మీద విన్నదే నోటుబుక్కులో రాయండి, ఏ బరువుకు ఏ బైట్లో, తేదీతో సహా. ఎక్కణ్నుంచి తెచ్చావని రేపు ఎవరైనా అడిగితే చూపించేది ఆ నోటుబుక్కే.

ఈ వారం మీ దగ్గరున్న పరికరంతో పది కొలతలు పట్టండి. ఒకటి గమనించే ఉంటారు: విండోస్ ప్రోగ్రాం మూసేస్తే కాటా నోరు మెదపదు. అది తెరిచిన వెంటనే మన వైపు నుంచి ఒక చిన్న ప్యాకెట్టు పోతోంది. నాలుగో పాఠంలో దాన్ని పైథాన్‌తో మనమే పంపుదాం.