పొలం మట్టి పాఠాలు – 4: గడ్డి దున్నితే పైరు ఎందుకు పసుపెక్కింది?

ఈసారి పత్తికట్టె గురించి చెప్పాలి. అది వచ్చే పాఠానికి జరిపాను. పోయిన పాఠం చదివి వరిగడ్డిని పొలంలోనే దున్నినవారు అందరూ ఒకటే అడుగుతున్నారు: తర్వాత వేసిన మొక్కజొన్న పసుపెక్కింది, ఏ మందు కొట్టాలి? ఏ మందూ వద్దు. ముందు లెక్క చూడండి.

టన్ను ఎండు వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం, 6 కిలోల నత్రజని ఉంటాయి. గడ్డిని తినే సూక్ష్మజీవులు కర్బనంలో మూడింట రెండు వంతులు ఊపిరిగా వదిలేస్తాయనుకుందాం. మిగిలిన 130 కిలోలు వాటి ఒంట్లో చేరాలంటే, 8 కిలోల కర్బనానికి 1 కిలో చొప్పున 16 కిలోల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 6. మిగతా 10 మీ పైరు నోటి దగ్గరిది. యూరియాగా చూస్తే దాదాపు 22 కిలోలు! గడ్డంతా ఒకేసారి కుళ్ళదు కాబట్టి పొలంలో లోటు ఇంత ఉండదు. ఆ జీవులు చచ్చాక నత్రజని మళ్ళీ మట్టిలోకి వస్తుంది, కానీ లేత పైరు అంతవరకు ఆగలేక, నత్రజని అందక పసుపెక్కుతుంది.

పసుపు కింది ముదురాకుల్లో మొదలైతేనే ఈ లెక్క. లేత ఆకుల్లో మొదలైతే గంధకం లాంటి వేరే లోటు చూడాలి.

ఇక నాకు విసుగు తెప్పించే మాట: "డీకంపోజర్ (గడ్డిని కుళ్ళబెట్టే) ద్రావణం చల్లాను కదండీ!" చల్లారు, సరే. అందులో ఉన్నవి సూక్ష్మజీవులే. తినేవాళ్ళను పెంచారు, నత్రజనిని పెంచలేదు. ఆ ద్రావణంలో బెల్లం ఎక్కువ కలిపానంటారు ఇంకొకరు. బెల్లమూ కర్బనమే. పక్క పొలంలో పనిచేసిందంటారా? అక్కడ దున్నినది ఏమిటో అడగండి. లేత జీలుగ, జనుము, పిల్లిపెసరలో కర్బనం నత్రజనికి 25 రెట్ల లోపే, అవి త్వరగా కుళ్ళి తిరిగి ఇస్తాయి. వరిగడ్డిలో 60 రెట్లు దాటుతుంది. ఎండిన మొక్కజొన్న చొప్పదీ అదే దారి. కందికంప పప్పుజాతిదే అయినా కర్ర, దాన్ని జీలుగ, జనుముల జాబితాలో కలపకండి. ద్రావణం పోయవద్దనడం లేదు, దాన్ని యూరియాకు బదులు అనుకోవద్దంటున్నాను.

దున్నాక పదను ఉంచి రెండు మూడు వారాలు ఆగండి. సిఫారసు చేసిన నత్రజనిలోనే కొంత ముందుకు జరపండి. వరి తర్వాత వరి అయితే నీరు పెట్టకముందే దున్నండి. కుళ్ళని గడ్డిని దమ్ములో తొక్కితే గాలి అందక ఆమ్లాలు పుట్టి నారు వేళ్ళు దెబ్బతింటాయి, మీథేన్ వాయువూ వెలువడుతుంది.

నాకైతే కృష్ణా డెల్టా పద్ధతే ఇష్టం. కోతకు కొద్ది రోజుల ముందు వరిలోనే మినుము చల్లుతారు, దుక్కి ఉండదు. కొయ్యకాళ్ళు నేలపైనే నిదానంగా కుళ్ళుతాయి, వేళ్ళ దగ్గరి నత్రజనిని పెద్దగా లాగవు.

అభ్యాసం: 12 నైలాన్ వల సంచుల్లో 50 గ్రాముల చొప్పున ఎండుగడ్డి నింపండి. ఆరింటిని నాలుగు అంగుళాల లోతున పాతండి, ఆరింటిని నేలపై రాళ్ళతో అదిమి పెట్టండి. రెండు వారాలకోసారి రెండు చోట్ల నుంచి ఒక్కో సంచి తీసి, మట్టి దులిపి, పూర్తిగా ఆరబెట్టి తూచండి. తడి గడ్డి తూచి పంపితే చూడను.