‘ఘటశ్రాద్ధ’ చూడబోయే తెలుగు ప్రేక్షకులకు

గిరీశ్ కాసరవల్లి తొలి కథాచిత్రం ‘ఘటశ్రాద్ధ’ (1977) జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకున్నది, అయినా మనలో దాన్ని చూసినవారు తక్కువే. యు.ఆర్. అనంతమూర్తి కథ ఆధారంగా, కన్నడంలో, నలుపు తెలుపుల్లో నెమ్మదిగా సాగే ఈ సినిమాకు కొంత సిద్ధపడి కూర్చోవడం మేలు.

ముందుగా పేరులో ఉన్న కర్మ ఏమిటో తెలుసుకోవాలి. ఆచారం తప్పారని వెలివేసిన మనిషిని బతికుండగానే చనిపోయినట్టు లెక్కగట్టి, కుండ పగలగొట్టి శ్రాద్ధం పెట్టడమే ఘటశ్రాద్ధం. ఇక్కడ ఆ కర్మకు పూనుకునేది వేదపాఠశాల నడిపే శేషగిరి ఉడుప. అది పెట్టేది గర్భవతి అయిన సొంత కూతురికి, వితంతువు యమునకు. వితంతు పునర్వివాహానికి 1856లోనే చట్టం వచ్చిందనీ, 1881లో రాజమండ్రిలో వీరేశలింగం అలాంటి పెళ్ళి జరిపించారనీ గుర్తుంచుకుని చూస్తే, ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఈ అగ్రహారం తలుపులు ఎంత గట్టిగా బిగించుకుని ఉన్నాయో తెలుస్తుంది. కథ ముందే తెలిసిపోయిందని బాధపడనక్కరలేదు. ఏం జరిగిందన్నదానికన్నా అది ఎవరి కంటికి ఎలా కనబడిందన్నదే ఇందులో ముఖ్యం.

ఆ కన్ను నానిది. వేదం చదువుకోవడానికి ఇల్లు విడిచి వచ్చిన ఆ పసివాడికి, పెద్ద విద్యార్థుల వేధింపుల మధ్య యమునక్క ఒక్కతే దిక్కు. అందువల్ల ప్రతి సన్నివేశంలోనూ వాడు ఎక్కడ నిలబడ్డాడో, వాడికి ఎంతవరకు అర్థమవుతోందో గమనిస్తూ ఉండండి. యమున పాముపుట్టలో చేయి పెట్టినప్పుడు అది ఆత్మహత్యాయత్నమని మనకు చప్పున తెలిసిపోతుంది. వాడి వయసుకు అదేమనిపిస్తుందో ఒక్క క్షణం ఊహించుకోండి. ఆ పాత్ర వేసిన అజిత్ కుమార్‌కు ఉత్తమ బాలనటుడి జాతీయ పురస్కారం రావడంలో నాకైతే ఆశ్చర్యమేమీ లేదు.

బి.వి. కారంత్ సంగీతానికి కూడా జాతీయ పురస్కారం దక్కింది కనుక ఫోన్ స్పీకరుతో సరిపెట్టుకోవద్దు. పునరుద్ధరించిన ప్రతిని 2024లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. ఎక్కడైనా ప్రదర్శనకు వస్తే దాన్నే చూడండి. ఇదే కథతో అరుణ్ కౌల్ హిందీలో తీసిన ‘దీక్షా’ (1991)ను తర్వాతికి ఉంచుకోండి.

వీలైతే రెండోసారి చూసి, ఈసారి దృష్టి ఉడుప మీద నిలపండి. కూతురి తప్పుకు ఘటశ్రాద్ధం పెట్టిన ఆ పెద్దమనిషే ముసలితనంలో చిన్నపిల్లను పెళ్ళాడడానికి సిద్ధపడతాడు, దానికి మాత్రం శాస్త్రం అడ్డురాదు.