రేవులో వాదన వద్దు: గోదావరి బోటువాళ్లు లైసెన్సు అధికారులతో ఎలా మెలగాలి

పాపికొండలకి బోటు నడపాలంటే ముందు ఎన్ని ఆఫీసులు తిరగాలో అని కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు విసుక్కుంటారు. నేను గండిపోచమ్మ రేవులో కొందరు బోటు యజమానుల కాగితాలు చూస్తుంటాను. రాజమండ్రిలో టికెట్లు బుక్ చేసే కుర్రాళ్లు, టూరిస్టులని వెంటబెట్టుకొచ్చే గైడ్లు కూడా నన్ను అడిగేది ఇదే: ఈ అధికారులతో ఎలా నెట్టుకురావాలండీ అని. వాళ్లు మన బోటు ఆపడానికే వచ్చారనుకుంటే సీజన్ పొడవునా గొడవే. వాళ్లకి కావలసింది వాళ్లు అడగకముందే మన చేతిలో ఉంటే, నిజంగా తేడా వచ్చిన రోజున మన మాట వింటారు. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే.

అసలు ఇంత కట్టుదిట్టం ఎందుకొచ్చిందో మీ బోటు కుర్రాళ్లకి కూడా తెలియాలి. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు ఎక్కిన బోటు మునిగింది. దానికి అనుమతే లేదు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ బోల్తా పడింది. గాలివాన వస్తోందని తలుపులు, కిటికీలు మూసేశారు, లోపలున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది ఎవరూ మరిచిపోలేరు. బోటులో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మంది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ ఆ బోటుని పైకి తీయలేకపోయింది. ఆ తర్వాత నెలల తరబడి అందరి బోట్లూ కట్టేశారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నవాడి బోటు కూడా రేవులోనే ఎండింది. కాబట్టి పక్కవాడు నిబంధన తప్పుతుంటే అది వాడి గొడవలే అని ఊరుకోకండి. నష్టం రేవు మొత్తానికి.

మొదట ఎవరి పని ఏమిటో తెలుసుకోండి. బోటు సర్వే, రిజిస్ట్రేషన్, ఎంతమందిని ఎక్కించవచ్చో తేల్చడం పోర్టు అధికారుల పని. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. బోటుకి సర్వే సర్టిఫికెట్, నడిపేవాళ్లకి అర్హత సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ అన్నీ దాని కిందకే వస్తాయి. ఆ రోజు బోటు కదలాలా వద్దా అన్నది కంట్రోల్ రూమ్ చూస్తుంది. 2020లో పెట్టిన ఈ కంట్రోల్ రూమ్‌లలో రెవెన్యూ, జలవనరులు, పోలీసు, పర్యాటక శాఖల వాళ్లుంటారు. బోటు దిగి గట్టెక్కాక అడవి వేరే లెక్క. పాపికొండలు 2008 నుంచి నేషనల్ పార్కు. బోటు పర్మిట్ చూపించి అడవిలో వంట పొయ్యి వెలిగిస్తామంటే అటవీ శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఒక శాఖని అడగాల్సింది ఇంకో శాఖని అడిగితే ఇద్దరికీ చిరాకే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి దేవీపట్నాన్ని అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపినప్పుడు, పాత అలవాటు కొద్దీ పాత జిల్లా కేంద్రం కాకినాడకి పంపిన దరఖాస్తులు ఎన్ని టేబుళ్లు తిరిగాయో నాకు తెలుసు. ఏ కాగితమైనా పంపే ముందు ఆ ఆఫీసుకి ఒక ఫోన్ చేసి, ఎవరి పేర రాయాలో కనుక్కోండి.

ఫైలు విషయం. బోటుకొక ఫైలు, దానికి రెండు జిరాక్సు సెట్లు. ఒకటి బోటులోనే, నీళ్లు పడని ప్లాస్టిక్ కవర్లో. ఇంకోటి రేవులో. మొదటి పేజీ మీద గడువు తేదీలు పెద్ద అక్షరాలతో రాయండి: సర్వే ఎప్పటిదాకా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, సరంగు (బోటు నడిపేవాడు) సర్టిఫికెట్ ఎప్పటిదాకా. గడువు ఇంకా రెండు నెలలుండగానే రెన్యువల్ దరఖాస్తు వేయండి. నవంబరులో సీజన్ మొదలుపెట్టుకుని అక్టోబరు ఆఖర్లో సర్వేకి పెట్టుకుంటే, అందరూ అప్పుడే వస్తారు కాబట్టి మీ వంతు రాదు. అందుకు ఆ అధికారిని తిట్టుకోవడం న్యాయం కాదు.

సర్వే రోజున యజమాని తప్పకుండా అక్కడ ఉండాలి. మేనేజర్ని పంపితే సరిపోదు. మొన్నామధ్య సర్వేకి వచ్చినాయన లైఫ్ జాకెట్ల లెక్క అడగలేదు. కుప్పలో అడుగునుంచి ఒకటి లాగి, మెడ దగ్గర తాడు తిప్పి చూసి, "దీని విజిల్ ఏదయ్యా?" అన్నాడు. ఇంకోటి లాగి బకిల్ నొక్కాడు, పెట్టిన బకిల్ ఊడిరాలేదు, తుప్పు పట్టింది. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముల్లు పచ్చ గీతలో ఉందా, అడుగు నీళ్లు తోడే పంపు స్విచ్చి వేస్తే తిరుగుతోందా, రెండో అంతస్తు నుంచి కిందకి దారికి అడ్డంగా కుర్చీలేమైనా వేశారా, ఇవే చూశాడు. ఆ రోజు నాతో ఉన్న యజమాని ఒక మంచి పని చేశాడు. సాకులు చెప్పకుండా, "రాసివ్వండి సార్, వారంలో మార్చి ఫోటోలు పంపుతాం" అన్నాడు. ఆయన రాసిచ్చాడు, వీళ్లు మార్చారు, ఫోటోలతో లెటర్ పెట్టారు. ఆ బోటు మీద ఆ సీజన్లో మళ్లీ ఎవరూ వేలెత్తలేదు. మీరూ సర్వేకి వారం ముందే ప్రతి జాకెట్టూ విప్పి చూసుకోండి. పిల్లల సైజువి విడిగా కట్టండి. సీల్ చేసిన ప్యాకెట్లలో కొత్తవి దాచి, పాతవి జనానికి తొడిగే అలవాటుంటే ఇవాళే మానండి.

ప్రయాణికుల జాబితా దగ్గర చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. కచ్చులూరులో బోటులో ఎంతమంది ఉన్నారన్నది మొదట ఒక సంఖ్య చెప్పారు, తర్వాత పెరిగింది, మళ్లీ పెరిగింది. తమవాళ్లు ఆ బోటెక్కారో లేదో తెలియక గట్టు మీద కూర్చున్న కుటుంబాల గురించి ఆలోచించండి. పేరు, వయసు, ఊరు, ఇంటి దగ్గర ఉన్న ఒకరి ఫోన్ నంబరు, నాలుగూ ఉండాలి. ఒళ్లో పిల్లని కూడా రాయాలి. వంటవాళ్లు, గైడు, డాన్స్ చేసే కుర్రాళ్లు, వాళ్లు కూడా మనుషులే కదా, జాబితాలో ఉండాలి. ఒక కాపీ కంట్రోల్ రూమ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి. ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చే ఇద్దరి కోసం జాబితా దిద్దకుండా బోటు కదపకండి. మద్యం తాగారా అని సిబ్బందిని ఊదమంటే మొహం మాడ్చుకోవద్దు. సరంగే ముందుకొచ్చి ఊదితే మిగతావాళ్లు వరసగా వస్తారు.

ఇక వరద రోజు. అధికారులతో అసలు తగాదా ఇక్కడే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది నీటిమట్టం 11.75 అడుగులకి వచ్చినప్పుడు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు పారుతున్నప్పుడు. "ఇంకా మొదటి హెచ్చరికే రాలేదు కదా, మమ్మల్ని ఎందుకు ఆపుతారు?" అని మనవాళ్లు అడుగుతారు. కచ్చులూరు రోజున నదిలో ఉన్నది దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. హెచ్చరికలో సగం. ధవళేశ్వరం అంకెలు కింద లంక గ్రామాల కోసం పెట్టినవి. మనం తిరిగేది కొండల మధ్య, నది ఇరుకైన చోట. అక్కడ అదే నీరు వేరేలా పారుతుంది, మలుపు దగ్గర ఒక గట్టుకేసి తన్ని సుడి తిరుగుతుంది. కాబట్టి హెచ్చరిక రాలేదన్న మాట వాదనకి పనికిరాదు.

దానికి బదులు పైనుంచి వచ్చే అంకెలు రోజూ రాసుకోండి. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులు. అక్కడ నీరు తగ్గుతోందని సంబరపడకండి, కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో వాన కురిస్తే భద్రాచలం తగ్గుతున్నా మన దగ్గర పెరగొచ్చు. భద్రాచలం, కూనవరం, ధవళేశ్వరం, మూడూ ఒక నోటుబుక్కులో రోజువారీ రాసిపెట్టిన యజమాని వెళ్లి "సార్, మూడు రోజులుగా మూడు చోట్లా తగ్గుతోంది, రేపు ఒక ఖాళీ బోటు వేసి చూద్దామా" అంటే కంట్రోల్ రూమ్‌లో వింటారు. టూరిస్టు బస్సులు వచ్చేశాయి, అడ్వాన్సు తిరిగివ్వాలి అంటే వినరు. వరద వల్ల ఆపితే డబ్బు వాపసు అని బుకింగ్ రసీదు మీదే అచ్చు వేయించండి, మీకే టెన్షన్ తగ్గుతుంది.

బోటు ఆపమన్నప్పుడు టూరిస్టుల ముందు గొంతు పెంచొద్దు. అందరి ముందు అన్న మాట ఏ అధికారీ వెనక్కి తీసుకోడు. ముందు జనాన్ని దింపండి, టీ ఇప్పించండి, తర్వాత గదిలోకి వెళ్లి కారణం రాతలో అడగండి. రాసివ్వకపోతే మీరే, ఫలానా టైముకి ఫలానా కారణం చెప్పి ఆపారు అని లెటర్ రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. పక్క బోటు వెళ్లి మీది మాత్రమే ఆగితే ఆ కాగితం ఉపయోగపడుతుంది. పై అధికారికి అప్పీలు, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్, అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తు. దానికి 30 రోజుల్లో జవాబివ్వాలి.

డబ్బు అడిగేవాళ్లూ ఉంటారు. ఒకచోట ఒకాయన కాగితంలో ఏ లోపమూ లేకుండానే ఫైలు తొక్కిపెట్టి కూర్చున్నాడు. ఒకసారి ఇస్తే అది రేటవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, జాకెట్లు బాగోకపోయినా వదిలేయమని అడిగే దారి మీరే తెరిచినట్టు. లంచాల మీద ఫిర్యాదు తీసుకునే ఏసీబీ నంబరు 1064. భయమైతే ఒక్కరే కాకుండా బోటు యజమానుల సంఘం తరఫున వెళ్లండి.

ఆషాఢం, శ్రావణం బోట్లు కట్టేసి ఉండే కాలం. అధికారులతో కూర్చోవడానికి అదే సరైన సమయం. కంట్రోల్ రూమ్ సిబ్బంది మారుతుంటారు, కొందరు గోదావరిలో అడుగుపెట్టనివాళ్లు. సీజన్ మొదట్లో వాళ్లని టూరిస్టులు లేని బోటులో, జాకెట్లు తొడిగించి, కచ్చులూరు దాకా తీసుకెళ్లండి. అనుభవమున్న సరంగుని పక్కన నిలబెట్టండి. ఏ రాయి నీళ్లలో ఎంత మునిగితే బోటు ఎటు లాగుతుందో ఆయన చెప్తాడు. బోటు కదలాలా వద్దా అని తేల్చేటప్పుడు రేవులో ఒక పాత సరంగు మాట కూడా అడగాలని నేను ప్రతి ఏడాదీ సంఘం చేత రాయిస్తున్నాను. ఇలాంటి విన్నపం ఒక పేజీ దాటకూడదు, ఒక్క విషయమే ఉండాలి, ఫీజు తగ్గించమన్నది దాంట్లో కలపకూడదు. అధికారి బదిలీ అయితే పాత లెటర్ల కాపీలతో కొత్తాయన చేరిన వారంలోనే వెళ్లి కలవండి, పాతాయన చెప్పే ఉంటాడులే అనుకోవద్దు.