నెలసరికి తగ్గట్టు వ్యాయామం: వాచీ అంకెల్ని ఎలా చదవాలి

మొదటి రెండు నెలసరి చక్రాలు వ్యాయామంలో ఏ మార్పూ చేయకండి. ఎప్పటిలాగే చేస్తూ, వాచీ గానీ రింగు గానీ రోజూ రాత్రి పెట్టుకుని పడుకోండి. "ఈ వారం యోగా, వచ్చే వారం బరువులు" అని అందరికీ ఒకే పట్టిక ఇచ్చే యాప్‌లు చాలా ఉన్నాయి. అలాంటి పట్టికను నమ్ముకోవద్దు. 78 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలో, బ్లీడింగ్ మొదటి రోజుల్లో సామర్థ్యం తగ్గడం సగటున చాలా స్వల్పమని తేలింది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం ఎక్కువ. అందుకే మీ లెక్క మీరే తయారు చేసుకోవాలి.

వాచీని ఎప్పుడూ ఒకే చేతికి, మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన పెట్టుకోండి. పట్టీ కదలకూడదు, అలాగని చర్మం మీద గుర్తు పడేంత బిగించకూడదు. బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజే 1వ రోజు. అంతకు ముందు కనిపించే చుక్కలను లెక్కలోకి తీసుకోవద్దు. వ్యాయామం అయిన వెంటనే "ఎంత కష్టమనిపించింది" అన్నదానికి 10కి ఒక అంకె వేయండి. ఈ ఒక్క అంకె లేకపోతే సెన్సర్ డేటా సగం పనికిరాదు.

చూడాల్సినవి మూడు: నిద్రలో చర్మం ఉష్ణోగ్రత, రెస్టింగ్ హార్ట్ రేట్ (విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగం), హెచ్‌ఆర్‌వీ (ఒక గుండె చప్పుడుకీ మరో చప్పుడుకీ మధ్య వ్యవధిలో వచ్చే తేడా). అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి ఒంటి వేడి సుమారు 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువవుతుంది. గుండె వేగం నిమిషానికి రెండు మూడు పెరుగుతుంది, హెచ్‌ఆర్‌వీ కాస్త తగ్గుతుంది. వేడి వరుసగా మూడు రాత్రులు పైన నిలిస్తే చక్రం రెండో సగంలోకి వెళ్లారని అనుకోవచ్చు. ఒక్క రాత్రి పెరిగితే లెక్క కాదు. జ్వరం, మద్యం, వేడి గది కూడా ఆ పని చేస్తాయి. యాపిల్ వాచ్‌లో సిరీస్ 8 నుంచి ఉష్ణోగ్రత సెన్సర్ ఉంది. అది కూడా అండం విడుదలైన రోజును అయిపోయాకే అంచనాగా చెబుతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెండో సగం మొదలవగానే వాచీ "రికవరీ తక్కువ" (ఒళ్లు ఇంకా తేరుకోలేదు) అని చూపిస్తుంది, ఎందుకంటే చాలా వాచీలు గడిచిన కొన్ని వారాల సగటుతోనే పోలుస్తాయి. మీరు పోల్చాల్సింది పోయిన చక్రంలోని ఇదే దశతో. ఉదాహరణకు మొదటి సగంలో మీ రెస్టింగ్ హార్ట్ రేట్ 58, రెండో సగంలో 61 అనుకుందాం. వేడి పెరిగిన ఆరో రోజున 61 కనిపిస్తే అది మామూలే, అనుకున్న వ్యాయామం పూర్తిగా చేయండి. వరుసగా రెండు రోజులు 66 ఉండి, నిద్ర కూడా పట్టకపోతే తగ్గించండి. అంకె ఒకటి, ఒంట్లో అనిపించేది ఒకటి, రెండూ ఒకే మాట చెప్పినప్పుడే ప్లాన్ మార్చాలి.

తగ్గించేటప్పుడు ముందు సెట్లు తగ్గించండి, బరువు కాదు. 4 సెట్ల స్క్వాట్ ఉంటే అదే బరువుతో 2 చేసి ఆపేయండి. బలం నిలుస్తుంది, అలసట తగ్గుతుంది.

బ్లీడింగ్ రోజుల్లో మానేయాల్సిన పనేం లేదు. నొప్పి ఉంటే వార్మప్‌ను 15 నిమిషాలకు పెంచి, అప్పటికీ తగ్గకపోతే నడకతో సరిపెట్టండి. బ్లీడింగ్ ఆగాక చాలామందికి హుషారుగా ఉంటుంది. మీ అంకెలూ అదే చెబితే బరువైన సెట్లు, టైమ్ ట్రయల్స్ (ఒక దూరాన్ని వీలైనంత వేగంగా పూర్తిచేసే పరీక్షలు) అప్పుడు పెట్టుకోండి. రెండో సగంలో అదే వేగంతో పరిగెత్తినా గుండె వేగం ఎక్కువ చూపిస్తుంది. వాచీ చూపించే గుండె వేగం పరిధి (జోన్)లోనే ఉండాలని వేగం తగ్గించుకోకుండా, మీకు అనిపించే కష్టాన్ని బట్టి పరిగెత్తండి. ఎండ వేళ తప్పించండి, నీళ్లు దగ్గర ఉంచుకోండి. నెలసరికి ముందు మూడు నాలుగు రోజులు నిద్ర చెడితే బరువుల రోజును రద్దు చేయకుండా రెండు రోజులు ముందుకో వెనక్కో జరపండి.

బరువులెత్తేటప్పుడు మణికట్టు వంగి సెన్సర్ గుండె వేగాన్ని తప్పు చూపిస్తుంది. అప్పుడు గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ నయం. అండం 14వ రోజే విడుదలవుతుందనుకోవద్దు. చక్రం 21 రోజులున్నా 35 రోజులున్నా మామూలే, ఆ తేడా ఎక్కువగా మొదటి సగంలోనే వస్తుంది. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో అండం విడుదల సాధారణంగా ఆగిపోతుంది కాబట్టి ఈ ఎత్తుపల్లాలు కనబడవు. వాళ్లు దశల లెక్క వదిలేసి నిద్ర, అలసట చూసుకుంటే చాలు. మామూలు ఫిట్‌నెస్ వాచీ అంచనాను గర్భనిరోధానికి ఎప్పుడూ వాడకండి. ఈ డేటా యాప్ ఎవరితో పంచుకుంటోందో సెట్టింగ్స్‌లో ఒకసారి చూసుకోండి.

వ్యాయామం పెంచి, తిండి తగ్గించాక మూడు నెలలు నెలసరి రాకపోతే దాన్ని ఫిట్‌నెస్‌గా భావించవద్దు. గర్భం కాదని తేలితే ఒంటికి శక్తి చాలడం లేదేమో చూడాలి. అలాగే కొనసాగితే ఎముకలు దెబ్బతింటాయి. వరుసగా కొన్ని గంటలపాటు గంటకో ప్యాడ్ తడుస్తుంటే వెంటనే డాక్టర్‌ను కలవండి. ప్రతి నెలా బ్లీడింగ్ ఎక్కువై, మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే) పరీక్ష కూడా చేయించమని అడగండి. యాప్‌లో నమోదైన చక్రాల తేదీలు వెంట తీసుకెళ్తే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలకు జవాబు చేతిలోనే ఉంటుంది.